రెండు చెక్క దిమ్మెలు

పొద్దున్న ఏడింటికి సన్యాసిరావు బిలాస్‌పూర్‌లో తోర్వా పేటలోని ఇంటి నుంచి స్కూటరు మీద బయల్దేరి, ఊరి బయట మైదానంలో ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ రేకుల షెడ్డు తెరిచి, మొదట విమానం ఒళ్ళు తుడుస్తాడు. తర్వాత దాని పుస్తకం చదువుతాడు. అక్కడి రైల్వే వ్యాగన్ షెడ్డులో ముప్ఫై ఆరేళ్ళు చేసి రిటైరైన మనిషికి, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల గుడ్డ రెక్కలున్న ఈ పాత శిక్షణ విమానం కొత్త డ్యూటీ.

పుస్తకం విమానమే రాసుకుంటుంది. అది యుద్ధం రోజుల్లో పుట్టింది. అప్పట్నుంచీ ఏ రోజు సంగతి ఆ రోజు ఊదారంగు సిరాలో దిగుతోంది. "ఇద్దరికి నేర్పాను. పొడుగాయన భయపడ్డాడు." "ఎడమ చక్రంలో గాలి తగ్గింది." ఎవరు తుడిస్తే వాళ్ళ భాషలో రాయడం దాని అలవాటు. ముందు ఇంగ్లీషు, తర్వాత బెంగాలీ, సన్యాసిరావు వచ్చిన ఆరేళ్ళ నుంచీ తెలుగు. ఆ అక్షరాలు ఫోన్ ఫోటోలో పడవు. రెండు వందల పదకొండు మందికి ఎగరడం నేర్పిన విమానం ఎనభై ఏళ్ళలో ఒక్క అబద్ధం రాయలేదు కాబట్టి, క్లబ్బులో ఏ తగువొచ్చినా దాని మాటే చెల్లుతుంది.

ఇప్పుడు నేర్చుకుంటున్న రెండు వందల పన్నెండో మనిషి సన్యాసిరావు కూతురు ఝాన్సీ. ఆ పిల్ల భుజం ఎముక విరిగి ఇంట్లో ఉంది.

సోమవారం జరిగింది. వానకి చదును నేల బురదై, విమానాన్ని షెడ్డు పక్క వాలు మీద నిలిపారు, ముక్కు పైకి, తోక కిందికి. ఝాన్సీ లోపల కూర్చుంది. ఇంజను అందుకోవాలంటే ముందున్న చెక్క పంకాని చేత్తో తిప్పాలి. విమానానికి బ్రేకులు లేవు కనక చక్రాలకి ముందు దిమ్మెలు పెట్టాకే తిప్పాలి. కానీ రైలు వ్యాగను పల్లం వైపే జారుతుంది, దానికి దిమ్మె పల్లం వైపే పెడతారు. వాలు కనబడగానే సన్యాసిరావు చేతులు దిమ్మెల్ని చక్రాల వెనక పెట్టేశాయి. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి పెన్షన్‌తో పోతుందా? ఇంజను అందుకోగానే విమానం ముందుకి ఉరికింది. అతను పక్కకి దూకాడు. ఝాన్సీ స్విచ్చి కట్టేసే లోపే అది కాలవలో ముక్కు గుచ్చుకుని బోర్లాపడింది.

పిల్లని ఆసుపత్రికి పంపి వెనక్కొచ్చి, దిమ్మెలు తీసి మేకుకి తగిలించబోతుండగా చూసుకున్నాడు, చక్రాల జాడ మొదలైన చోటుకి అవి వెనకున్నాయి. ఇంకెవరూ చూడలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఇంజను జోరు పెంచింది ఝాన్సీయేనని అందరూ తేల్చేశారు. పుస్తకం కూడా అదే అంటే ఆమె పైలట్ చదువు అక్కడితో సరి.

"సచ్ మే నాన్నా, నేను థ్రాటిల్ ముట్టుకోలేదు," అంది ఝాన్సీ మంచం మీంచి.

"ముట్టుకోనేదులే అమ్మీ."

"దిమ్మెలు నువ్వే ఎట్టేవు కదా. అయితే నేనే ఏదో చేసుంటాను. ఏటి చేసేనో గుర్తు రావట్లేదు."

చెబుదామని నోరు తెరిచాడు. "మందేసుకున్నావా?" అని అడిగాడు. కన్నకూతురి ఎముక విరిచింది తనేనని ఏ నోటితో చెబుతాడు? పుస్తకమే చెప్పేస్తుందిలే అని నాలుగు రోజులు చూశాడు. అతనికి అన్నం సయించలేదు, విమానం ఒక్క ముక్కా రాయలేదు.

ఐదో రోజు క్లబ్బు పెద్ద రాజేంద్ర సాబ్ విచారణకి కూర్చున్నాడు. ఝాన్సీ కట్టుతోనే వచ్చి గోడవారగా నిలబడింది. పుస్తకం తెరిస్తే పేజీ నిండి ఉంది. సాబ్‌కి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. హిందీ స్కూల్లో చదివిన ఝాన్సీకీ రాదు.

"పఢియే రావ్‌జీ," అన్నాడు సాబ్. "ఇందులో లడకీ తప్పు ఉంటే ఆమె పేరు కొట్టేస్తాం. మిషన్ తప్పు అయితే తుక్కుకి పంపిస్తాం."

సన్యాసిరావు కళ్ళద్దాలు పెట్టుకుని, ముందు మనసులో చదువుకున్నాడు.

"తప్పు నాది. పిల్ల ఏమీ చెయ్యలేదు. సన్యాసిరావు దిమ్మెలు చక్రాలకి ముందు పెట్టాడు. నేనే దాటుకుని పోయాను. ముసలిదాన్ని, ఇక నన్ను తీసెయ్యండి."

ఎనభై ఏళ్ళలో మొదటి అబద్ధం. అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి.

ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు, కూతురు గట్టెక్కుతుంది, తన పరువూ దక్కుతుంది. మూల పడి ఉన్న విమానం వైపు చూశాడు. రోజూ తను తుడిచే ఒళ్ళు, గుడ్డ చిరిగి లోపలి కర్రలు కనిపిస్తున్నాయి. అతనికి ఏడుపొచ్చింది.

"సన్యాసిరావు దిమ్మెలు చక్రాల ఎనక ఎట్టేడు," అన్నాడు, పేజీ మీద వేలు నడుపుతూ. "వాలు సూసి వ్యాగననుకున్నాడు. పిల్ల ఏటీ సెయ్యనేదు. మిషనూ ఏటీ సెయ్యనేదు. నాలుగు దినాలు కూతురి మొకం సూస్తా కూడా నోరు మూసుకున్నాడు."

"రేపట్నుంచి రావొద్దు రావ్‌జీ," అన్నాడు సాబ్. ఝాన్సీ తండ్రి వైపు చూడకుండా బయటికి నడిచింది.

మూడు నెలలు ఆ పిల్ల ఇంట్లో అతనితో మాట్లాడలేదు. ఎముక అతికింది, విమానమూ బాగైంది. తుడవడానికి ఛత్తీస్‌గఢీ మనిషిని పెట్టినా పుస్తకం తెలుగు వదల్లేదు. చదివేవాళ్ళు లేక, ఝాన్సీయే పెద్ద బాలశిక్ష కొనుక్కుని కూడబలుక్కోవడం నేర్చింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి తండ్రి ముందు కూర్చుంది.

"ఆ పేజీ చదివేను. అందులో నువ్వు చదివినట్టు లేదు."

"దానికి వయసైపోనాదే అమ్మీ. మతిమరుపు."

"రేపు నా పరీక్ష. పంకా నువ్వే తిప్పాలి."

"సాబ్ రానీడు."

"రమ్మన్నాడు. సన్యాసిరావు వస్తేనే ఎగురుతానని పుస్తకంలో ఉందని చదివి వినిపించేను."

"నిజింగా అలాగుందేటే?"

"ఏటో నాన్నా. నాకు తెలుగు చదవడం సరిగ్గా రాదు కదా."

సన్యాసిరావు లేచి, స్కూటరు తుడవడానికి వాకిట్లోకి వెళ్ళాడు.