పన్నెండో మడిలో ముడతలు

ఆ రోజు ఆఖరి తనిఖీ. పశువుల గిట్టలకు చితికిపోయిన కొండవాలు మీద, ఊటనీరు నిలిచే చోటల్లా మళ్లు కట్టి మూడేళ్లపాటు నాచు పరిచింది ఆమే. అందుకే నాచక్క అయింది. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. గాజుతొట్లలో పెంచిన కప్పల్ని నిరుడు ఇక్కడే వదిలారు. భూమ్మీద ఆ జాతిలో మిగిలినవి రెండు వందలు కూడా లేవు. ఈసారీ గుడ్లు కనబడకపోతే ఈ కొండను వదిలేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు.

పొద్దుటి నుంచి ఆ కప్పల్ని పెంచిన కప్పల మేడమ్, నాచక్క మోకాళ్ల మీద పాకుతూ నాచు కింద వేళ్లు దూర్చి వెతుకుతున్నారు. పదకొండు మళ్లు అయిపోయాయి. ఒక్క గుడ్డు లేదు.

"ఇంత ముచ్చటగా పరిచావు కదక్కా, వీటికేం మాయరోగం?" అంది మేడమ్ నడుం పట్టుకుని.

ఇంట్లో దుప్పటి వేసినట్టే పరిచింది మరి నాచక్క, అరచేత్తో నొక్కి, అంచులు లోపలికి దోపి. 'నువ్వు వేసిన పక్క మీద ఈగ వాలినా జారిపడుతుందే తల్లీ' అని అత్తగారు ఎప్పుడూ వేళాకోళం చేసేవారు.

"పన్నెండోది చూడకండి మేడమ్, నా పరువు పోతుంది."

అది పరుస్తుండగానే అత్తగారు స్నానాలగదిలో పడ్డారని ఫోనొచ్చింది. బస్తా అక్కడే బోర్లించి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి కప్పల్ని వదిలేశారు, ఇక తాకొద్దన్నారు. నాచు కుప్పలుగా, ముడతలుగా అలాగే ఉండిపోయింది.

మేడమ్ రెండు వేళ్లతో ఒక ముడత ఎత్తి, బిగుసుకుపోయింది.

"అక్కా... కదలకు."

లోపల గుప్పెడంత గూడు. అందులో గాజుపూసల్లాంటి గుడ్లు, ఒక్కోదానిలో ఒక్కో నల్లచుక్క. పక్కన బొటనవేలి గోరంత కప్ప, వీళ్ల వంక గుర్రుగా చూస్తోంది.

"ఇరవై ఆరు! అయ్యో, మళ్లీ లెక్కపెట్టు, నేను తప్పానేమో!"

పక్క ముడత కిందా ఉన్నాయి. ఆ పక్కదాని కిందా!

"దూరడానికి సందు కావాలక్కా వీటికి. నువ్వేమో పదకొండు ఇళ్లకీ తలుపులు మూసేశావు!"

నవ్వో ఏడుపో తెలియకుండానే నాచక్క ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, దొరికాయి! మీరు పడ్డ రోజు నేను పారేసి వచ్చిన దాన్లోనే!"

"అయితే నా తుంటి విరిగితే గానీ వాటికి పిల్లలు పుట్టలేదన్నమాట. ఇంకోసారి పడమంటావా?"

"వద్దొద్దు, నేను చూసుకుంటాను!"

ఫోన్ జేబులో కుక్కి పదకొండో మడి దగ్గరికి నడిచింది. తను నొక్కి నొక్కి దోపిన అంచును రెండు చేతులా పట్టుకుని పైకి లాగింది.