చెంప ఆనించే పెట్టె

మా ఆవిడకు చెవులు మొరాయించి మూడేళ్లయింది. చెక్కకు చెంప ఆనిస్తే మాత్రం పాట ఎముకల్లోకి దిగుతుందంటుంది. అందుకే స్పీకర్ పెట్టె నేనే చేశాను. ఇక చెంపకు గుచ్చుకోకుండా నునుపు చేయడమే మిగిలింది.

వారం రోజులు గరుకు కాగితంతో రుద్దాను. నా అరచెయ్యి కాయలు కాసిన మొద్దు, దానికేం తెలుస్తుంది? ఆవిడ పాత వాయిల్ చీర ముక్కతో తుడిచి చూసేవాణ్ని. దారం పట్టుకున్నచోట మళ్లీ రుద్దడమే. చివరికి ఎంత నున్నగా వచ్చిందంటే, దాని మీద వాలిన ఈగ జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. నమ్మకపోతే ఆ ఈగనే అడగండి.

నీలం రంగు పూసి, ఆరేదాకా ఆగలేక స్పీకర్ బిగించి పాట పెట్టాను. వంటింట్లోంచి ఆవిడ రానే వచ్చింది.

"రంగు పచ్చిగా ఉందే, ముట్టుకోకు!" అని అరిచాను. ఎవరితో? వినపడని మనిషితో!

అప్పటికే చెంప ఆనించేసింది. కిటికీ ఎండలో చెక్కపొడి ఇంకా తేలుతోంది. కళ్లు మూసుకుని ఆ వెలుగులో తనూ తేలుతున్నట్టుంది. పాట అయ్యేదాకా కదపబుద్ధి కాలేదు.

లేచేసరికి సగం ముఖం ఆకాశం. పెట్టె మీద చెంప అచ్చు. వినపడిందా అని సైగ చేశాను.

"వేణువు కూడా వినపడిందయ్యా!"

అచ్చు చెరిపేద్దామని గరుకు కాగితం అందుకున్నాను.

"దాని జోలికెళ్లావంటే నీ మూతికీ పూస్తాను. రేపు చెంప ఎక్కడ పెట్టాలో వెతుక్కోనా? ముందు ఆ పాట మళ్లీ పెట్టు."