గరిట పడితేనే సీను

మా మామయ్య దయ్యాల సినిమాలు తీస్తారని తెలిసి పెళ్లికి ముందు నా స్నేహితురాళ్లు తెగ నవ్వారు. "దయ్యం వేషానికి డబ్బులివ్వక్కర్లేదని నిన్ను కోడలిగా చేసుకుంటున్నారేమోనే" అంది ఒకతె. నేనూ నవ్వాను. కాపురానికి వచ్చిన వారంలోపే ఆ నవ్వు పోయింది.

ఆ ఇంటి పద్ధతి వేరు. ఏ భయాన్నైనా మామయ్య ముందు ఇంట్లో పరీక్షించి చూసుకున్నాకే సినిమాలో పెడతారు. పరీక్ష అత్తయ్య మీద. ఆమె వంట చేసుకుంటూ ఉంటే వెనక తలుపు దానంతటది తెరుచుకుంటుంది. అలమారలోంచి ఎవరో గోకుతున్నట్టు చప్పుడు వస్తుంది. అత్తయ్య చేతిలోంచి గరిట జారి పడితే ఆ సీను ఉంటుంది. పడకపోతే లేదు. అలా పడీ పడీ ఆ ఇంట్లో గరిటలన్నీ సొట్టలు పోయాయి. "ఈ సొట్ట ఆయన రెండో సినిమా. ఈ కాడ వంకర మెట్ల సీను" అని అత్తయ్య నాకు ఒక్కొక్కటీ తీసి చూపించింది, వేరే అత్తగార్లు నగలు చూపించినట్టు.

"మీకు భయం వేయదా అత్తయ్యా?"

"మొదట్లో వేసేది. ఇప్పుడు దయ్యాలు నాకు ఆడపడుచుల్లాగే. వస్తారు, సతాయిస్తారు, పోతారు."

మామయ్య సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. కుర్రతనంలో ఆయన పని సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపడం. ఆట మొదలయ్యాక లోపలికి వెళ్లి తెరకి వీపు పెట్టి జనం ముఖాలు చూస్తూ నిలబడేవారట. కళ్లు మూసుకున్నవాళ్లు వణుకుతూనే ఉండేవారు. చెవులు మూసుకున్నవాళ్లు మాత్రం ఇట్టే తేరుకునేవారు. "భయం కంట్లోంచి రాదమ్మాయ్, చెవిలోంచి వస్తుంది. కంటికి రెప్ప ఉంది. చెవికేముంది?" అని నాతో ఎన్నోసార్లు అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకునే బతికారు. మొదటి సినిమాలో దయ్యానికి వేషం వేయించే స్తోమత లేక అసలు దయ్యాన్నే చూపించలేదు. ఖాళీ గదిలో ఉయ్యాల గొలుసు కిర్రుమనే చప్పుడు, అంతే. ఆ ఏడాది ఊళ్లో జనం ఇళ్లలో ఉయ్యాలలన్నిటికీ నూనె పెట్టుకున్నారని అత్తయ్య చెబుతుంది. తర్వాత సినిమా మీద సినిమా. పోస్టర్ మీద హీరో పేరు కంటే ఆయన పేరు పెద్దదయ్యింది. ఆపైన కంప్యూటర్లో దయ్యాలు చేసే రోజులొచ్చాయి, ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కొన్నేళ్లు ఖాళీగా కూర్చున్నారు. చివరికి ఒక కుర్ర నిర్మాత వచ్చి, "చిన్నప్పుడు మీ సినిమా చూసి నెల రోజులు పక్క తడిపాను సార్, ఆ పగ తీర్చుకోవాలి" అని నవ్వుతూ అడ్వాన్సు ఇచ్చాడు. షూటింగ్ అయిపోయింది. శబ్దాల పని మిగిలింది. ఇక ఇదే చివరి అవకాశమని ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పాప పుట్టాక మానేసిన పనిలో నేను మళ్లీ చేరాను. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే పని నాది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఎప్పుడు ఏ భవనంలో ఉంటాడో తెలియదు. అత్తయ్య విగ్గులు కట్టే చోటికి వెళ్లి మధ్యాహ్నానికి గానీ రాదు. ఆమె వచ్చేదాకా పాప మామయ్య దగ్గరే. పాపకి ఇంకా కూర్చోవడం కూడా రాదు.

అప్పటి నుంచే ఇంట్లో వింతలు మొదలయ్యాయి. స్నానాలగదిలో కుళాయి తిప్పి ఉండేది. బకెట్టు నిండి, నీళ్లు గడప దాటి వచ్చేవి. మామయ్య పక్క గదిలోనే కూర్చుని ఉండేవారు, లేచేవారు కాదు. నేను పిలిస్తే పలికేవారు కాదు. సరేలెమ్మని పనిలో పడి వెనక్కి తిరిగేసరికి నా ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి నా నోటి వంకే చూస్తూ ఉండేవారు. ఉన్నట్టుండి టీవీ గోడలదిరేలా మోగేది. ఒకరోజు ఆయన బల్ల మీద చిన్న అద్దం వెలిసింది. గుమ్మం వైపు తిప్పి ఉంది. ఇంకో రోజు కిటికీ దగ్గర ఇంకొకటి. నేను ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లినా ఆ అద్దాల్లోంచి ఒక కన్ను నా వెంట వచ్చేది.

మా ఆయనకి చెప్పాను.

"నాన్న కొత్త సినిమా కదా. పరీక్ష చేస్తున్నారు."

"నా మీదా?"

"అమ్మ ముదిరిపోయింది. నువ్వు కొత్త సరుకు" అని నవ్వాడు.

అత్తయ్యా అదే అంది. "గరిట గట్టిగా పట్టుకో. జారవిడిచావంటే ఆ కుళాయి సినిమాలోకి వచ్చేస్తుంది."

"షూటింగ్ అయిపోయింది కదా అత్తయ్యా. ఇంకా పరీక్షలెందుకు?"

ఆమె గరిట సొట్టని ఒకసారి వేలితో తడుముకుంది. "అలవాటు" అంది చివరికి.

నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే అంతకు ముందు వారమే సౌండ్ ఇంజనీరు ఇంటికొచ్చినప్పుడు వాళ్ల మాటలు నా చెవిన పడ్డాయి. "పసిపిల్ల ఏడుపు కుదరడం లేదయ్యా. స్టూడియోలో చేసిందంతా దొంగ ఏడుపు. గొంతు బొంగురుపోయేదాకా ఏడవాలి, అదీ భయం" అన్నారు మామయ్య.

ఒకరోజు షాపులో కరెంటు పోయి నన్ను పెందలాడే పంపేశారు. మెట్ల కిందికి వచ్చేసరికే పాప ఏడుపు వినిపించింది. అది ఆకలి ఏడుపు కాదు. చాలాసేపటి నుంచి ఏడ్చి, గొంతు చీరుకుపోయి, ఊపిరి అందక ఆగి ఆగి వస్తున్న ఏడుపు. పరుగెత్తాను. పాప ఉయ్యాల తొట్టిలో ఎర్రగా కందిపోయి ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో మామయ్య అటు తిరిగి కూర్చుని తాపీగా ఏదో రాసుకుంటున్నారు. తొట్టి పక్కన స్టూలు మీద ఆయన పాత టేపు రికార్డరు. దాని మైకు సరిగ్గా పాప నోటికి ఎదురుగా పెట్టి ఉంది.

నేను పాపని ఎత్తుకున్నాను. ఆయన తిరగలేదు. ముందుకి వెళ్లి నిలబడితే తలెత్తి, "అరె, లేచిందా?" అన్నారు.

లేచిందా!

ఆ సాయంత్రం పాప బట్టలు ఒక సంచిలో సర్ది తొట్టి కింద పెట్టాను. మా అమ్మ దగ్గరికి వెళ్లిపోదామని. వెళ్లే ముందు ఆ ఏడుపు తుడిచేసి పోవాలనిపించింది. నా బిడ్డ ఏడుపు ఎవరి సినిమాలోనూ ఉండటానికి వీల్లేదు. రికార్డరు మూత తీశాను.

లోపల టేపు లేదు.

తీసి దాచారా అంటే, తీసినట్టు కూడా లేదు. టేపు కూర్చునే చోట దుమ్ము పేరుకుని ఉంది. టేపు లేకుండా మైకు ఎందుకు పెట్టినట్టు? ఈ ప్రశ్న నన్ను మా అమ్మ దగ్గరికి వెళ్లనివ్వలేదు. షాపుకి సెలవు పెట్టి, పాపని చంకన వేసుకుని, ఆయన్ని చూస్తూ ఇంట్లోనే ఉన్నాను. ఆయన అద్దాల్లోంచి నన్ను చూశారు, నేను తలుపు సందుల్లోంచి ఆయన్ని చూశాను. మా షాపుకి కొందరు వస్తారు. బోర్డు మీద అక్షరాలు కనపడవు, కానీ ముందువాళ్లు చదివింది విని కంఠతా పట్టేస్తారు. మేము అక్షరం మీద పుల్ల పెట్టి చూపించకముందే గడగడా చదివేస్తారు. దాస్తున్నవాళ్లకి ఎప్పుడూ తొందర. మామయ్యలోనూ అదే తొందర కనిపించింది. ఎవరైనా మాట మొదలుపెట్టకముందే "అలాగే, అలాగే" అనేసేవారు.

మూడో రోజు పొద్దున పాప నిద్రపోతుంటే, అద్దంలో పడకుండా గోడవారగా నడిచి ఆయన వెనక్కి చేరాను.

"మామయ్యా" అన్నాను.

పలకలేదు.

"మామయ్యా, మీ సినిమా ఏమీ బాగోలేదు."

దేన్నైనా ఓర్చుకుంటారు కానీ ఆ మాట ఓర్చుకోరు. కదల్లేదు. కలం సాగుతూనే ఉంది.

అప్పుడు అద్దంలో కనపడేలా పక్కకి జరిగాను. ఆయన చటుక్కున తిరిగి, "ఎప్పుడొచ్చావమ్మాయ్?" అని నా నోటి వైపు చూశారు. నేను గొంతులోంచి చప్పుడు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపాను. పాప ఏడుస్తోంది.

కుర్చీ వెనక్కి పడేలా లేచి తొట్టి దగ్గరికి పరుగెత్తారు. పాప హాయిగా నిద్రపోతోంది. ఆయన పాపని చూశారు, స్టూలు మీద రికార్డరుని చూశారు, నన్ను చూశారు.

"పరీక్ష బాగా చేశావు" అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"షూటింగ్ మొదలవకముందు నుంచే. ముందు కీచురాళ్లు పోయాయి. తర్వాత కుళాయి. ఈమధ్యే మీ గొంతులు." రికార్డరు మీద చిన్న ఎర్ర దీపాల వరస చూపించారు. "పాప ఏడిస్తే ఇవి ఎగురుతాయి. మాటిమాటికీ వీటినే చూస్తుంటాను. ఆరోజు బ్యాటరీ చచ్చిపోయింది. దీపాలు వెలగకపోతే పాప నిద్రపోతోందనుకున్నాను."

"పాపకి ఏమైనా అయ్యుంటే?"

"సౌండ్ పని అయ్యేదాకా ఎవరికీ చెప్పకు తల్లీ. చెవుల్లేని దర్శకుడంటే ఆ కుర్రాడు రేపే వేరేవాణ్ణి పెడతాడు" అన్నారు.

నేను ఆయనకి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా కనిపించేలా చెప్పాను. "ఆదివారం భోజనాల దగ్గర మీరే చెప్పండి. చెప్పకపోతే నేను పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను. సంచి సర్దే ఉంది."

"తెలుసు. అద్దంలో చూశాను" అన్నారు.

ఆదివారం నలుగురం భోజనానికి కూర్చున్నాం. మామయ్య కంచంలో చెయ్యి పెట్టకుండా, "నాకు చెవులు పోయాయి. మీ మాటలు నాకు వినపడటం లేదు" అన్నారు.

మా ఆయన పగలబడి నవ్వాడు. "భలే ఉంది నాన్నా. ఇది కొత్తగా ఉంది."

"ఇంత చవక పరీక్ష నా కాపురంలో చూళ్లేదు. తలుపు లేదు, గోకుడు లేదు. కూర్చున్న చోటే అయిపోయింది" అంది అత్తయ్య.

"నిజమే అత్తయ్యా" అన్నాను.

"చూశావా అమ్మా, దీన్ని కూడా కలిపేసుకున్నారు!" అన్నాడు మా ఆయన.

మామయ్య మా నోళ్ల వంక మార్చి మార్చి చూశారు. ఇన్నేళ్లూ అబద్ధాలతో భయపెట్టిన మనిషి, ఈ ఒక్క నిజంతో ఎవర్నీ కదపలేకపోయారు. తల దించుకుని తినడం మొదలుపెట్టారు.

అత్తయ్య మాత్రం నవ్వు ఆపేసింది. ఆయన నవ్వలేదని గమనించి ఉంటుంది. పరీక్షకి ఎవరూ భయపడకపోతే ముందు నవ్వేది ఆయనేనట. ఆమె గరిట చేత్తో పట్టుకుని వడ్డించేదానిలా లేచి ఆయన వెనక్కి వెళ్లింది.

"ఏమండీ" అంది. ఆయన తింటున్నారు. "ఏమండీ, ఒకసారి ఇటు చూడండి." ఆయన నీళ్లు తాగారు.

గరిట పడింది. ఆమె పడేయలేదు. నేను చూస్తూనే ఉన్నాను, అదే జారిపోయింది. బండ మీద ఖంగుమని మోగి, దొర్లి, గోడకి తగిలింది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

మామయ్య ఇంకో ముద్ద కలుపుకున్నారు. తర్వాత తలెత్తి మా ముఖాలు చూశారు. మెల్లగా వెనక్కి తిరిగి, నేల మీద గరిటని, దాని పక్కన అత్తయ్య పాదాల్ని చూశారు.

"పడిందా?" అన్నారు.

అత్తయ్య చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "పడింది" అంది.

"అయితే సీను ఉంటుంది."

"ఉంటుంది. రేపు నేనూ స్టూడియోకి వస్తున్నాను. మీ పక్కన కూర్చుంటాను. ఆ కుర్రాడికి కూడా మీరే చెప్పండి, ఇంక నాటకాలొద్దు" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇన్నాళ్లూ కుళాయికి భయపడనందుకు గొప్పలు పోయాను" అంది, ఎవరితోనూ కాదు.

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. అత్తయ్య సంచిలోంచి గరిట కాడ బయటికి కనిపిస్తోంది. మా ఆయన ఆ వారమంతా రాత్రి పనికి మార్పించుకుని పగలు పాప దగ్గర ఉన్నాడు.

నేను షాపుకి వెళ్లే ముందు తొట్టి కింద సంచి తీసి పాప బట్టలు మళ్లీ బీరువాలో సర్దాను. రెండు జతలు మాత్రం సంచిలోనే ఉంచేశాను. మామయ్య బల్ల మీద అద్దం కూడా ఇంకా అలాగే, గుమ్మం వైపే తిరిగి ఉంది.