హలూమి అనకూడదట

మారిత్సా తెచ్చిన పాల బకెట్లో రెల్లుపుల్లను నిలువుగా ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గోటితో గీత పెట్టింది పోలిక్సేని. ఆవేళ వంతు ఆమెది. వీధిలో ఇంకా మేకలూ గొర్రెలూ ఉన్న నాలుగిళ్ళ పాలూ ఆమె గంగాళంలోకే వస్తాయి. రేపు అదే లెక్కన మారిత్సా ఇంటికి పోతాయి. ఒక్క ఇంటి పాలతో హలూమి జున్ను చేస్తే శ్రమ తప్ప ఏమీ మిగలదు గనక, సైప్రస్ పల్లెల్లో ఆడవాళ్ళు అమ్మమ్మల కాలం నుంచీ ఇలా వంతులు వేసుకుంటున్నారు.

పోలిక్సేని డెబ్బై దాటిన మనిషి. మొగుడు పోయినప్పటి నుంచీ అదే నల్లగౌను, వాచిన మోకాళ్ళు, పొట్టి మెడ. వేడినీళ్ళలో నాని నాని చేతులు ఎర్రబడిపోయాయి. కుడి బొటనవేలి మీద చింతగింజంత కాలిన మచ్చ. ఆమె గురించి ఊళ్ళో ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. హలూమి చేస్తుంది, అంతే.

గడ్డకట్టిన పాలను బుట్టల్లో నొక్కి, ముక్కలు కోసి, మళ్ళీ విరుగుడు నీళ్ళలో ఉడకేసింది. సరిగ్గా అప్పుడొచ్చాడు లెఫ్కోస్. చెల్లెలి కొడుకు. టౌన్లో అంగడి ఉంది. వారంవారం ఆమె సరుకు తీసుకుపోయేది అతనే.

"పెద్దమ్మా, ఇకనుంచి చీటీ మీద హలూమి అని రాయలేను. పల్లె జున్ను అని రాస్తా."

"ఏం, చెయ్యి పడిపోయిందా?"

"తనిఖీవాళ్ళొచ్చారు. ఆ పేరుకిప్పుడు చట్టం ఉంది. రిజిస్టరు చేయించుకున్నవాళ్ళే వాడాలట. దానికి టైల్స్ వేసిన గది కావాలి, స్టీలు తొట్టి కావాలి. నీ రాగి గంగాళం చూస్తే వాళ్ళకి మూర్ఛొస్తుంది."

"రానీ. మొహాన ఈ నీళ్ళు కొడితే లేస్తారు."

లెఫ్కోస్ నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"చట్టం మన పేరు కాపాడ్డానికేగా? కాఫీ కొట్టులో మీటింగు పెట్టి మరీ చెప్పారుగా, బయటి దేశాలవాళ్ళు దొంగిలించకుండా అని! ఆవేళ వచ్చినవాళ్ళందరికీ పుచ్చకాయా హలూమీ కోసి పెట్టిందెవర్రా?"

"నువ్వే."

"తిని, మూతి తుడుచుకుని, నన్నే బయటికి గెంటారా?"

అతను వ్యానులోంచి ఓ ప్యాకెట్టు తెచ్చి చూపించాడు. ఫ్యాక్టరీ సరుకు. ఆ చట్టం తాలూకు ఎర్రటి ముద్ర, దాని పక్కన హలూమిని మడత పెడుతున్న రెండు చేతుల ఫోటో. ఆ మీటింగునాడు కెమెరా పట్టుకొచ్చినవాడు "అవ్వా, ఇంకోసారి మడత పెట్టు" అని ఎన్నిసార్లు పెట్టించాడో ఆమెకు గుర్తే. ఫోటోలో బొటనవేలి మీద మచ్చ కూడా ఉంది.

"ఇవి నా చేతుల్రా!"

లెఫ్కోస్ తల దించుకున్నాడు. అంటే వీడికి ముందే తెలుసు. పోలిక్సేనికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులు పనికొచ్చాయి, చేతులు చేసింది పనికిరాలేదు. ఎంత సిగ్గులేనితనం!

"పో. పేరు లేకుండా నా సరుకు గడప దాటదు."

"పాడైపోతుంది పెద్దమ్మా. ఏ పేరైతేనేం, రుచి అదేగా?"

"రేపట్నుంచి నిన్ను 'ఎవడ్రా అక్కడ' అని పిలుస్తా, పలుకుతావా? అప్పుడూ నువ్వు అదే మనిషివేగా!"

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. ఆమె ఉడికిన ముక్కలు ఒక్కొక్కటీ తీసి, పుదీనా చల్లి, సగానికి మడిచి, అరచేత్తో అదిమి, గుడ్డ పరిచిన చెక్కపలక మీద పేర్చింది. తిడుతూనే పేర్చింది. చట్టాన్ని, ముద్రని, ఆ కెమెరావాణ్ణి. చివరి ముక్క పెట్టాక పొట్టి కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పొద్దుగూకే ముందు మారిత్సా ఖాళీ బకెట్టు కోసం వచ్చింది. "ఏమే, లెఫ్కోస్ మొహం వేలాడేసుకుని పోయాడేంటి?" అని అడిగింది. జవాబు రాలేదు. దగ్గరికెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

మర్నాడు పాతిపెట్టారు. శ్మశానం గేటు దగ్గర, ఎవరు పోయినా పెట్టేవే పెట్టారు. రొట్టె, ఆలివ్‌లు, వైను. హలూమి దగ్గరికొచ్చేసరికి లెఫ్కోస్ ఫ్యాక్టరీ ప్యాకెట్లు బయటికి తీశాడు.

"సిగ్గు లేదట్రా నీకు?" అంది మారిత్సా.

"నలుగురూ తినేది అత్తా. ఎవరైనా ఫిర్యాదు చేస్తే..."

"ఎవరు చేస్తార్రా? ఆ గోతిలో ఉన్నావిడా?"

ఆమె విసవిసా వెళ్ళి, పోలిక్సేని ఇంట్లోంచి పలకను గుడ్డతో సహా ఎత్తుకొచ్చింది. ముక్కలు కోసి, ఒక్కొక్కరి ముందూ ఆగి, గేటు బయటికి కూడా వినబడేటంత గొంతుతో చెప్పింది. "హలూమి తీసుకోండి. పోలిక్సేని హలూమి."

మొదట పాదిరి కొరికాడు. నమలడం ఆపి, మారిత్సా వైపు చూశాడు. ఆమె కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు లేదు. పాపిష్టి కోపంలో పోలిక్సేని పుదీనా వేసింది గానీ ఉప్పు మరిచిపోయింది. జన్మలో మొదటిసారి.

ఒక్కరూ ఆ మాట అనలేదు. "దేవుడు ఆమెను చల్లగా చూడాలి" అంటూ అందరూ చప్పటి హలూమిని పూర్తిగా తిన్నారు. లెఫ్కోస్ రెండో ముక్క కోసం చెయ్యి చాపాడు, ఏడుస్తూ.

జనం వెళ్ళిపోయాక శ్మశానం గోడ మీద ఎవరూ విప్పని ప్యాకెట్లు మిగిలాయి. వాటి మీద మచ్చ ఉన్న బొటనవేలు ఇంకా మడత అదుముతూనే ఉంది, దాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో హలూమి అని ఉంది.