లోపలి గడియ

లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం చేసినన్నాళ్లూ లిఫ్టాయన ఇరుక్కుపోయినవాళ్లను బయటికి తీశాడు. అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి లోపలివాళ్లు గగ్గోలు పెడుతుంటే, ఈయన బయట నిలబడి తాపీగా మాట్లాడేవాడు. "తలుపులు లాగకండి. లాగితే కదలబోయేది కూడా ఆగిపోతుంది. నేనిక్కడే ఉన్నా." అంతటి మనిషికి ఇప్పుడు సొంత కాళ్లే ఎదురుతిరిగాయి. పార్కిన్సన్స్ వచ్చాక చేతుల వణుకు సంగతి అలా ఉంచండి, గుమ్మం కనబడితే చాలు, పాదాలు నేలకు అతుక్కుపోతున్నాయి. మనసు పదమంటుంది, కాలు ససేమిరా అంటుంది. వెనకనుంచి భార్య "నడవండీ" అని తొందరపెట్టిందా, ఇక అంతే సంగతులు.

ఈమధ్య కాస్త ఊరట దొరికింది పిల్లలు గెంతే ట్రాంపొలిన్ మీద. నవ్వకండి, గెంతడమేమీ లేదు. నడుమెత్తున కడ్డీ ఉన్న చిన్న గుండ్రటిదాన్ని ఫిజియోథెరపీ అమ్మాయి హాల్లో పెట్టించింది. ఆ కడ్డీ పట్టుకుని ఉన్నచోటే అడుగులు వెయ్యాలి. పాదాల కింద పట్టా లొంగుతూ లేస్తూ ఉంటే ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది, దాంతోపాటు కాలూ లేస్తుంది. దిగాక కాసేపటిదాకా ఆయన నడక బాగుండేది. ఆ అమ్మాయి ఒక్కటే షరతు పెట్టింది. "పక్కన మనిషి లేకుండా ఎక్కొద్దు అంకుల్. ఎక్కడం తేలికే, దిగేటప్పుడే మీకు ఇబ్బంది."

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఒక పరీక్ష నడుస్తోంది. ఎల్లుండి భార్య చెల్లెలికి గుండె ఆపరేషన్. "నువ్వు పక్కనుంటే చాలక్కా" అని ఆవిడ ఫోన్లో ఏడ్చింది. ఈయన్ను వదిలి ఎలా వెళ్లాలా అని భార్య కొట్టుమిట్టాడుతుంటే లిఫ్టాయనకు రోషం పొడుచుకొచ్చింది.

"నేనేమన్నా పసిపిల్లాణ్నా? పక్కింటావిడ భోజనం పంపిస్తానంది కదా. ఇప్పుడు అలా బయటికెళ్లి రా. నేను బాగుంటే రేపు రైలెక్కు."

ఈ జబ్బు వచ్చినప్పటినుంచీ ఆవిడ తన కోసమని గేటు దాటింది లేదు. అది ఆయనకు తెలుసు. తెలిసీ ఏమీ చెయ్యలేకపోవడమే ఆయన్ని లోలోపల తినేస్తోంది.

ఆవిడ అటు వెళ్లగానే ఈయన లోపల గడియ పెట్టాడు. ఆవిడ దగ్గర తాళంచెవి లేకపోలేదు. కానీ తాళం తీసుకుని ఆవిడే వచ్చేస్తే ఇక ఇందులో గొప్పేముంది? ఆవిడ బెల్లు కొట్టాలి, తను నడిచి వెళ్లి తలుపు తీయాలి. అందుకు ముందుగానే కాళ్లు వదులు చేసుకుంటే మంచిదనిపించింది. ఆవిడ వచ్చే వేళ చూసుకుని ట్రాంపొలిన్ ఎక్కాడు. చూశారా, భార్యకు మేలు చెయ్యబోయే మగాడి తెలివి!

ఎక్కడం సుళువుగానే ఎక్కాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కాసేపు ఏ జబ్బూ లేనట్టే ఉంది, ప్రాణం హాయిగా ఉంది. ఇక దిగుదామని అంచు వైపు చూశాడు. ఠక్కున పాదాలు బిగుసుకుపోయాయి. ఎత్తు జానెడుకు మించదు, అయినా దిగలేడు. కడ్డీ వదిలితే పడతాడు, వదలకపోతే దిగలేడు.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. తర్వాత తాళం తిరిగింది. తలుపు మాత్రం కదల్లేదు.

"ఏవండీ! గడియెందుకు పెట్టారు? ఎక్కడున్నారు?"

అబద్ధమాడదామనుకున్నాడు గానీ ఏ అబద్ధమూ తోచలేదు. "దానిమీద" అన్నాడు.

"ఓరి దేవుడా! దిగండీ. మెల్లిగా దిగండీ. ఒక్క అడుగు, వెయ్యండీ!" ఆవిడ తలుపు దబదబా బాదింది. ఆ కంగారుకు ఆయన కాళ్లు మరింత బిగిశాయి. "ఉండండి, పక్కింటాయన్ని పిలుస్తా. తలుపు పగలగొడతాడు."

"వద్దు!" తలుపు పగిలిందంటే ఆవిడ ప్రయాణం ఆగిపోయినట్టే. "నా మాట విను. నన్ను దిగమని తొందరపెట్టకు. అరచేత్తో తలుపు మీద తట్టు. నిదానంగా, ఒకే తీరుగా. బళ్లో కవాతు చేయిస్తారే, అలా."

మొదట ఆ తట్టడంలోనూ ఏడుపే వినిపించింది. పోనుపోను కుదురుకుంది. ఆ చప్పుడుకు ఆయన అటూ ఇటూ ఒరిగాడు. కుడికాలి మడమ లేచింది. ఇంకో చప్పుడుకు పాదం లేచింది, అంచు దాటింది, నేలను తాకింది. రెండోదీ దిగింది. గోడ ఆనుకుని, ఆ చప్పుడు ఆగేలోగా తలుపు చేరాలని కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. వణికే వేళ్లలోంచి గడియ జారిపోతూ, జారిపోతూ, చివరికి వచ్చింది.

"వచ్చేసింది!" అన్నాడు. ఆవిడ తోసింది. తలుపు బెత్తెడు తెరుచుకుని ఆయన కాలి బొటనవేలికి కొట్టుకుని ఆగింది. గుమ్మం ముందుకు వచ్చాడు కదా, కాళ్లు మళ్లీ అతుక్కుపోయాయి. తలుపు తెరుచుకోవాలంటే ఆయన వెనక్కి జరగాలి. వెనకడుగు వెయ్యడం ఆయన చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. ఇంకాస్త తోస్తే వెల్లకిలా పడతాడు. ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. సందులోంచి ఆయనకు ఆవిడ ముఖం సగమే కనబడుతోంది, ఆ సగం తడిసి ఉంది.

"నేనే తీశాను, చూశావా?"

"చూశానండీ."

"మరి రేపు బయల్దేరు."

ఆవిడ ఆయన పడిపోకుండా సందులోంచి చెయ్యి దూర్చి చొక్కా పట్టుకుంది. రెండో చేత్తో ఫోన్ తీసింది.

"చెల్లీ, నేను రాలేనే. అబ్బే, మీ బావ నిక్షేపంగా ఉన్నారు. ఇప్పుడే నడిచొచ్చి తలుపు కూడా తీశారు. నాకే మోకాళ్లు పట్టేశాయి. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నా."

అవతల చెల్లెలు ఏడుస్తున్నట్టు లీలగా వినిపించింది. అదంతా అబద్ధమని అరవాలనుకున్నాడు లిఫ్టాయన. నోరు తెరిచాడు. ఆవిడ ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని, ఇటు తిరగకుండానే ఆయన చొక్కాను గుప్పిట్లో ఇంకాస్త గట్టిగా బిగించింది.