మైనస్ ఆరులో పూత

ఓరెస్ట్ బజ్యూక్ భార్య నేడీన్ ఆ పెరట్లో ఐదేళ్లుగా నాటినవన్నీ చచ్చాయి. చెర్రీ చచ్చింది, పియర్ చచ్చింది. పుట్టింటి నుంచి తడిగుడ్డ చుట్టి, కారులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఆప్రికాట్ అంటు అయితే మొదటి నవంబరు కూడా దాటలేదు. ఎలా దాటుతుంది మరి? కెనడాలో ప్రిన్స్ ఆల్బర్ట్ ఊరికి ఉత్తరాన, జనవరిలో ఊపిరి వెళ్లి కనురెప్పల మీద గడ్డకట్టే చోట, ఆమె పుట్టింటివైపు కొండల నడుమ ఒకనగన్ లోయలో ఎండ తాగి పెరిగే చెట్టు బతుకుతుందా! కానీ నేడీన్ తోటవాళ్ల పిల్ల. మూడు తరాలుగా పళ్లు పండించిన కుటుంబం. పెరట్లో చేత్తో కోసుకుని నోట్లో వేసుకోవడానికి ఒక్క పండు లేని ఇల్లు ఆమెకు ఇల్లులా లేదు, సత్రంలా ఉంది.

ఐదో చలికాలం అయ్యాక భర్తతో తేల్చి చెప్పేసింది. "ఇంకొక్కసారి నాటుతా. అవీ పోయాయంటే మా అన్నయ్య తోటకి వెళ్లిపోదాం. వాడికి ఎటూ మనిషి కావాలిగా."

ఓరెస్ట్ పుట్టింది ఆ ఊళ్లోనే, పని చేసేది అక్కడి ధాన్యం గిడ్డంగిలో. చుట్టూ కొండలుంటే ఊపిరాడదనే మనిషి. అయినా "సరే" అన్నాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే రకం కాదు గనక, ఆ రోజు నుంచి ఆమె మొక్కల మాటెత్తినప్పుడల్లా అతని గుండెలో రాయి పడేది. పైకి మాత్రం, "ఈసారి ప్లాస్టిక్‌వి నాటవోయ్, వందేళ్లుంటాయి" అని ఏడిపించేవాడు.

నేడీన్ ఈసారి సొంత తెలివిని నమ్ముకోలేదు. నర్సరీ కేటలాగు చంకలో పెట్టుకుని కంచె అవతలి స్టెఫా అవ్వ వంటింటికి వెళ్లింది. ఆ అవ్వకి డెబ్బై తొమ్మిదేళ్లు. ఆ మట్టిలో ఏది బతుకుతుందో, ఏది చస్తుందో ఆవిడకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. నోరు మాత్రం కత్తి.

"ఇదిగో అవ్వా, ఈ ద్రాక్ష ఎంత తీపో అని రాశాడు."

"రాస్తాడు, వాడి సొమ్మేం పోయింది? ఫొటో చూసి మురిసిపోకే పిల్లా. పండు ఎంత లావని కాదు, మొక్కని నీ పుట్టిల్లెక్కడ, అక్కడ చలెంత అని అడుగు." అవ్వ పెన్సిల్ తీసి ద్రాక్షను కొట్టేసింది. నల్ల కరెంట్ అనే పుల్లపళ్ల పొద దగ్గర కాసేపు ఆగింది. "ఇది బతుకుతుంది. కానీ మేలో మంచు పడిందంటే పూత మాడి, ఆ ఏడాదంతా ఆకులు చూసుకుని కూర్చోవాలి. సస్కటూన్ బెర్రీ అంటావా, వాగొడ్డున కావలసినంత ఉంది, పెరట్లో ఎందుకు దండగ." చివరికి ఒకచోట గట్టిగా గీత గీసింది. "హాస్కాప్. నీలం పళ్లు కాసే పొద. దీని అమ్మమ్మలది సైబీరియా. మొండి ఘటం. కానీ ఒకే రకం కొనకు. ఒకే వారంలో పూసే రెండు వేరే రకాలు తెచ్చుకో. ఒకే తల్లి కొమ్మలైతే ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి, కాయ పట్టదు."

నేడీన్ రెండు రకాలు, రకానికి రెండు చొప్పున నాలుగు పొదలు నాటింది. ఆ జనవరిలో చలి మైనస్ నలభై మూడు డిగ్రీల దాకా దిగింది. మార్చిలో మంచు కరిగి చూస్తే పుల్లల మీద బెరడు పీలికలుగా ఊడి వేలాడుతోంది. చచ్చాయని నేడీన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అది దాని చొక్కా విప్పడమే, నువ్వెందుకు ఏడుస్తావ్" అని అవ్వ కసిరింది. ఏప్రిల్ చివర నిజంగానే చిగురు వచ్చింది. మే రెండో వారంలో పొద పొదకీ లేత పసుపు పూలు, జంట జంటగా, తలలు కిందికి వేలాడేసి పూశాయి.

సరిగ్గా అప్పుడే రేడియోలో చెప్పాడు, తెల్లారేసరికి మైనస్ ఆరు అని. ఇక చూడాలి వీధి! సాయంత్రం ఇంటింటి నుంచీ జనం పాత దుప్పట్లు, పక్క గుడ్డలు, కిటికీ తెరలు పట్టుకుని బయటికొచ్చారు. మే నెలలో మంచు అంటే అక్కడ ఎవరూ ఆలోచించరు, చేతికందింది పెరటి మీద కప్పేయడమే. నేడీన్ తన పెళ్లినాటి బొంత తెచ్చి నాలుగు పొదల మీదా పరిచి, అంచుల్లో ఇటుకలు పెట్టి, ఏదో పసిపిల్లను పడుకోబెట్టినట్టు సర్ది లోపలికి పోయింది.

పొద్దున లేచి చూసేసరికి బొంత మడత పెట్టి కంచె మీద వేసి ఉంది. పొదలు బోసిగా ఉన్నాయి. ప్రతి పువ్వు నిండా గాజులా మంచు.

"నా బొంత తీసిందెవరు!" నేడీన్ కేకకు వీధి ఉలిక్కిపడింది.

"నేనే. నిన్న పొద్దుగూకాక తీశా" అంది అవ్వ కంచె అవతలి నుంచి, పాలు పొంగాయన్నంత తేలిగ్గా. "నా టమాటాలకి నేనూ కప్పాను. ఇవి టమాటాలా?"

"ఇవి చస్తే మేం ఊరొదిలి పోతాం, తెలుసా మీకు? ఇదే ఆఖరని ఆయనతో చెప్పాను. అంతా అయిపోయింది!"

అవ్వకు ఆ సంగతి తెలియదు. ఆవిడ మొహం పాలిపోయింది. గేటు తోసుకుని ఇవతలికి వచ్చి నిలబడింది.

నేడీన్ పువ్వు ఒకటి తెంపింది. ఏం చేయాలో ఆమెకు చిన్నప్పటి నుంచే తెలుసు. తోటలో మంచు పడిన పొద్దున వాళ్ల నాన్న పూలను గోటితో చీల్చి చూసేవాడు. కాయ కట్టే నడిమి కాడ నల్లబడితే ఆ ఏడు ఇక లేనట్టే. ఆయన ఒకసారి అలా నలభై పూలు చీల్చి, నలభయ్యీ నల్లబడి ఉండటం చూసి, మెట్టు మీద కూలబడిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఇప్పుడు తనూ అలాగే గోరు దించింది.

పచ్చగా ఉంది.

నమ్మలేక ఇంకోటి చీల్చింది. పచ్చగా ఉంది. మూడోది, నాలుగోది, అవతలి పొదలోది. మంచు ముక్క పట్టి ఉన్న పువ్వు లోపల కూడా ఆ సన్నని కాడ లేతగా, తడిగా, నవనవలాడుతోంది. మైనస్ ఆరు! వాళ్ల నాన్న తోటంతా మసైపోయే చలి అది. వేలెడంత లేని ఈ పువ్వు దాన్ని ఒంటి మీద పోసుకుని ఏమీ కానట్టు వేలాడుతోంది. నేడీన్ మోకాళ్ల మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఈ నేలను తిట్టిపోసింది. ఈ నేల మీద ఇంతటి ప్రాణం ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

ఎండ పొదల మీదికి వచ్చింది. మంచు కరిగి బొట్లుబొట్లుగా రాలింది. ఇంకా చేతులు కొంకర్లు పోయే చలే, ఎక్కడా ఒక్క తేనెటీగ లేదు. అలాంటి చలిలో ఎక్కడి నుంచో బొద్దుగా, ఒళ్లంతా నూగుతో ఒక రాణి తుమ్మెద ఝుమ్మంటూ వచ్చి, ఒక పొదలో పువ్వు పట్టుకుని తలకిందులుగా వేలాడి, అక్కడి నుంచి పక్కనున్న రెండో రకం పొద మీదికి వెళ్లింది.

"ఈవిడొస్తుందనే తీశానే" అంది అవ్వ నెమ్మదిగా. "ఇంత చలిలో తిరిగేది ఈవిడొక్కతే. నువ్వు పొద్దెక్కిందాకా బొంత కింద దాచేస్తే ఎలా దూరుతుంది? చెప్తే వినవని చెప్పలేదు. తప్పే, ఏమనుకోకు." తన మోకాళ్ల నొప్పి మరిచిపోయి ఆవిడా పక్కనే చతికిలబడింది. ఏళ్ల తరబడి చూస్తున్నదాన్ని ఆవిడ కూడా నోరు తెరుచుకుని చూసింది.

వెనక తలుపు తెరుచుకుంది. ఓరెస్ట్ ఫోను పట్టుకుని గడపలో నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్య బురదలో మోకాళ్ల మీద ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఈ పొదలూ చచ్చాయనే అనుకున్నాడు.

"మీ అన్నయ్య" అన్నాడు. "తోటకి మనిషిని మాట్లాడుకోవాలా, మనకోసం ఆగాలా అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

నేడీన్ తుమ్మెద మీద నుంచి చూపు తిప్పలేదు.

"మనిషిని మాట్లాడుకోమను" అంది.

ఓరెస్ట్ ఫోను చెవికి ఆనించుకుని, "మేం రావట్లేదు, మనిషిని మాట్లాడుకో" అంటూనే చెప్పుల్లేకుండా బురదలోకి దిగాడు.