బీ-ఫారం మీద పసుపు

నామినేషన్ల పరిశీలన పదకొండింటికి. తొమ్మిదింటికే వచ్చి ఆర్డీవో ఆఫీసు వరండాలో కూర్చున్నాను. నా బిడ్డ భూలక్ష్మిని ఎమ్మెల్యే అభ్యర్థిగా ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది తల్లినైన నేనే. ఏడో తరగతి చేతిరాత నాది. అక్షరం వంకరపోయిందని కొట్టేస్తారేమోనని రెండు రోజులుగా అన్నం సహించలేదు.

అది సర్పంచ్ అయిన ఏడాది మా ఇంటి మీద రాళ్లు పడ్డాయి. జడ్పీటీసీగా నిలబడితే జీపు అద్దం పగిలి దాని నుదుట మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడింకేం పడుతుందో. వద్దని ఎన్నిసార్లు చెప్పినా, నువ్వు భయపడుడు బందు చేస్తే నేను రాజకీయం బందు చేస్తనని నవ్వేది.

లోపలికి పిలిచారు. అవతలి పార్టీ వకీలు చంద్రమౌళి లేచి, మా బీ-ఫారం మీద పార్టీ అధ్యక్షుడి సంతకం చెరిగి ఉందని, ఎవరో దిద్దారని, అది చెల్లదని అన్నాడు. ఆర్డీవో కాగితం ఎత్తి పట్టుకున్నాడు. సంతకం తోక నీలంగా పాకింది. పక్కనే పచ్చటి మరక.

మొన్న ఆ కాగితం హైదరాబాదు నుంచి రాగానే, దేవుడి ముందు పెట్టి, నాలుగు మూలలా తడివేలితో పసుపు అద్దాను. భూలక్ష్మికి చెప్పలేదు.

కొత్తది తెద్దామంటే గడువు నిన్న మూడింటితో అయిపోయింది. బీ-ఫారం లేకపోతే తను పార్టీ అభ్యర్థి కాదు. అలాంటివాళ్లను పదిమంది ప్రతిపాదించాలి. మాకున్నది నేనొక్కదాన్నే. నామినేషనే పోతుంది.

తీసుకునేటప్పుడు మీ గుమాస్తా చేతిలో తడిసిందేమోనని భూలక్ష్మి అంటోంది. ఆ గుమాస్తా మొహం పాలిపోయింది. నేను నోరు మూసుకుంటే తప్పు అతని నెత్తినే పడుతుంది.

"అది నా చెయ్యి, సారూ. దేవునికాడ పసుపు పెట్టిన," అని వేలు చూపించాను. గోరు సందున ఇంకా పచ్చగానే ఉంది.

"ఇంటి మనిషే ఒప్పుకున్నది గద సార్," అన్నాడు చంద్రమౌళి. "ఇంత ఉప్పు కారం గూడ ఎయ్యకపోయినవా, పెద్దమ్మా?"

గదంతా నవ్వింది. ఆర్డీవో నవ్వలేదు. పార్టీ ముందుగా పంపిన నమూనా సంతకాల కాగితం తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో చూశాడు. ఎంతసేపు చూశాడో.

"చెరిగింది తోకే. పేరు సరిపోయింది. నామినేషన్ ఆమోదిస్తున్నాను."

బయట జీపు దగ్గర భూలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పవే అవ్వా. కావాలనే చేసినవా?"

లేదని ఒక్క ముక్కలో చెప్పేదాన్నే. కానీ ఆ సారు కాగితం ఎత్తినప్పుడు, భయం కంటే ముందు, నా గుండె ఒక్కసారి తేలికపడింది.

"కావాలని చెయ్యలే బిడ్డా. పోతే పోనీ అని మాత్రం ఒక్క క్షణం అనుకున్న."

భూలక్ష్మి తన కొంగుతో నా గోటి పసుపు తుడిచింది.

"రేపటి సంది ప్రచారం జీపుల నా పక్కన కూసో. రాయి పడితే ఇద్దరి మీద పడతది."

కిటికీ వైపు సీటు నాకే కావాలన్నాను.